చేతుల గుడి

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. చిన్నప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. మరి దేవుడి మీద ఉందా అంటే, మా పెద్దమ్మ పక్కనుంటే ఉందంటాను, లేకపోతే నవ్వి ఊరుకుంటాను. ఈ ముక్క ముందే ఎందుకు చెప్తున్నానంటే, ఇది చదివి ఎవరైనా నన్ను భక్తురాల్ని చేసేస్తారేమోనని.

నేను మలయా దేశంలో స్ట్రక్చరల్ ఇంజనీరుని. క్లాంగ్‌లో ఉంటాను. పాత కట్టడాలు ఇంకా నిలుస్తాయా, కూలగొట్టాలా అని చూసి చెప్పడం నా పని. మేస్త్రీ "అంతా బాగానే ఉంది మేడం" అంటే ముందు ఆ మేస్త్రీని అనుమానిస్తాను, తర్వాత గోడని. ఈ గుణం ఉద్యోగంతో వచ్చింది కాదు. నన్ను బళ్ళో వేసిన కొత్తల్లో, పాలుపోసే మనిషి వెళ్ళేదాకా గుమ్మంలో నిలబడి ఆయన కొలత వంకే చూసేదాన్నని మా అమ్మ ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది.

మా పెద్దమ్మ పేరు కరుణమ్మ. అమ్మకి అక్క. అమ్మ క్లాంగ్‌లో ఫ్యాక్టరీ పనికి వెళ్ళిన రోజుల్లో నన్ను కొన్నేళ్ళు హుటాన్ మెలింటాంగ్‌లో పెద్దమ్మే పెంచింది. అది నది సముద్రంలో కలిసే చోట ఉన్న ఊరు. చేపల పడవలు, ఐసు ఫ్యాక్టరీలు, వాటి వెనక తోటలు. మా తాతలు శ్రీకాకుళం వైపు నుంచి కొబ్బరితోట పనికి వచ్చి అక్కడ దిగారు. పెదనాన్న పడవల్లో పనిచేసి పోయాడు. పిల్లలు లేరు. ఆవిడకి నేనున్నాను, ఇంటి ముందు గుడి ఉంది. మా వాళ్ళు చర్చిని గుడి అనే అంటారు.

ఆ గుడి గురించి కొంచెం చెప్పాలి. అది మామూలు గుడి కాదు.

మలయాకి స్వతంత్రం వచ్చిన కొత్తలో ఆ కొబ్బరితోట ఇంకా దొరల చేతిలోనే ఉండేది. తోట దొరకి బంధువైన ఒక కుర్ర ఆర్కిటెక్టు యూరప్ నుంచి చూసిపోదామని వచ్చి, మన కూలీల కోసం ఒక గుడి గీసి ఇచ్చాడట. గీసినవాడు అది పూర్తయ్యేలోపే వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

అప్పట్లో యూరప్‌లో ఆ గాలి వీస్తోంది. యుద్ధాలతో ఊళ్ళకి ఊళ్ళు నేలమట్టమయ్యాక అక్కడివాళ్ళకి నాలుగు గోడల పెట్టెల మీద విసుగు పుట్టింది. కట్టడం అన్నాక ఏదో ఒకటి చెప్పాలి, చూసినవాడి గుండె పట్టుకోవాలి అన్నారు. కాంక్రీటు ఎలా పోస్తే అలా గడ్డకడుతుంది గనక ఇక పట్టపగ్గాల్లేవు. చర్చిని ఓడలా కట్టారు, గుడారంలా కట్టారు, ముళ్ళకిరీటంలా కట్టారు. అంతకుముందే ఎవరో నక్షత్రాలు చూసే గోపురాన్ని కరుగుతున్న మైనపు ముద్దలా నిలబెట్టారు. నేను జర్మనీలో చదువుకున్నప్పుడు మా ప్రొఫెసరు ఇలాంటివన్నీ తిప్పి చూపించాడు. ఆయన లోపలికి వెళ్ళగానే టోపీ తీసి కళ్ళు తుడుచుకునేవాడు. నేను పైకప్పు ఎక్కడ కారుతోందో వెతికేదాన్ని. ప్రతిదానికీ ఎక్కడో ఒకచోట కారేది.

నాకు అలాంటి కట్టడాలంటే అనుమానం. గోడ గోడలా నిలబడితే దాని బరువు ఎటు పోతోందో చూడగానే తెలుస్తుంది. గోడ పోయి పక్షి వేషమో పడవ వేషమో వేస్తే, లోపల ఇనుము ఏం అవస్థ పడుతోందో ఎవరికి తెలుసు? గోడకి మనసులో మాట చెప్పుకునే పని ఎందుకు అనేది నా వాదన. ఈ మాట అన్నందుకు ఆ ప్రొఫెసరు నాతో చాలా రోజులు సరిగ్గా మాట్లాడలేదు.

మా గుడి వేషం చేతులు. తూర్పున ఒక గోడ, పడమర ఒక గోడ, రెండూ నేలలోంచి అరచేతుల్లా వంపు తిరిగి లేచి పైన ఒకదానివైపు ఒకటి వాలతాయి. పైన పూర్తిగా కలవవు. మధ్యలో సన్నటి సందు, దానికి గాజు. ఆ సందు మీదుగా రెండు గోడల్నీ కలుపుతూ పొట్టి కాంక్రీటు దూలాలు, వేళ్ళకి వేళ్ళు ఆనించినట్టు. బయటినుంచి చూస్తే దండం పెడుతున్న చేతులే. అందుకే ఊళ్ళో అందరూ, మలయ్ వాళ్ళూ చైనా వాళ్ళూ కూడా, వాళ్ళ వాళ్ళ భాషలో దాన్ని చేతుల గుడి అనే అంటారు.

పెద్దమ్మ మాత్రం ఒప్పుకునేది కాదు. "దండమెట్టే సేతులు కావే గుంటా. దండం బయటోళ్ళకి కనిపిస్తాది. లోపల కూకొని సూడు, పిట్టపిల్లని మూసి పట్టుకున్నట్టుంటాది," అనేది. ఆ దొర కుర్రాడి బుర్రలో ఏముందో మనకి తెలీదు గాని, పెద్దమ్మ చెప్పాక నాకూ లోపల అలాగే అనిపించేది. ఇంజనీరునయ్యాక ఆ మూసిన చేతుల్ని చూస్తే భయం వేసేది. రెండు గోడలూ ఒకదాని మీద ఒకటి వాలి నిలబడ్డాయి. ఒకటి జారితే రెండూ లోపలికే వస్తాయి.

తర్వాత్తర్వాత కొబ్బరి పోయి పామాయిల్ వచ్చింది. కొత్త కాలవలు తవ్వారు. ఆ నేల బురదనేల, నీళ్ళు లాగేస్తే కుంగుతుంది. గుడి నేల మధ్యలో పళ్ళెంలా దిగిపోయింది, గోడలకి పగుళ్ళు వచ్చాయి. మా క్రైస్తవ కుటుంబాలు చాలావరకు పనులకోసం క్లాంగ్ వైపు వచ్చేశాయి. అక్కడ మిగిలింది ఎక్కువగా ముసలాడవాళ్ళే. గుడి కమిటీ వాళ్ళు "మన పిల్లే గదా, వచ్చి చూసిపోతాది" అని నన్ను పిలిచారు.

కమిటీ సెక్రటరీ ఐజాక్ మావయ్య. నిజం మావయ్య కాదు, వరస. మంచివాడే గాని, గుడి స్థలం అమ్మేసి ఆ డబ్బుతో క్లాంగ్‌లో చిన్న హాలు కట్టుకుందాం అని అప్పటికే ఊరంతా చెప్పి ఉన్నాడు. గోదాము కట్టుకునే కంపెనీ ఒకటి వచ్చి స్థలం చూసిపోయిందని పెద్దమ్మ ఫోన్లో చెప్పింది. అక్కడితో నా బుర్రలో గంట మోగింది.

నేను చూసి చెప్పింది సూటిగా ఇది. నేల లోపలివైపు కుంగింది. కాబట్టి గోడల పాదాలు లోపలికి ఒరుగుతాయి, తలలు ఇంకా దగ్గరికి వస్తాయి. పైనున్న వేళ్ళ మీద బరువు పెరుగుతుంది. ఏదో ఒకరోజు వేళ్ళు నలుగుతాయి, రెండు గోడలూ లోపల కూర్చున్నవాళ్ళ మీద పడతాయి. ఎప్పుడు అన్నదే తేలాలి. దానికోసం పగుళ్ళ మీద గేజీలు పెట్టాను.

గేజీ అంటే పెద్ద యంత్రమేం కాదు. ఒకదాని మీద ఒకటి జారే రెండు ప్లాస్టిక్ బిళ్ళలు. పగులుకి అటొకటి ఇటొకటి అంటిస్తాం. ఒకదాని మీద గళ్ళు, ఇంకోదాని మీద ఎర్ర గీత. పగులు కదిలితే గీత గళ్ళ మీద జరుగుతుంది. మనిషిని పైకెత్తే అద్దె లిఫ్టు బండి తెప్పించి పైన వేళ్ళ దగ్గర పెట్టాను, కింద గోడలకీ పెట్టాను. గాజు అప్పటికే చిట్లుతోంది గనక దాన్నీ తీయించేశాను.

రెండు వారాల తర్వాత వెళ్ళి చూస్తే పైన ఎర్ర గీతలు జరిగి ఉన్నాయి. జరగాల్సినవైపు కాదు. తలలు దగ్గరికి వస్తుంటే పైన పగుళ్ళు మూసుకోవాలి. అవి తెరుచుకుంటున్నాయి.

నేను లిఫ్టు మీదే నిలబడి కిందికి చూశాను. కింద ఐజాక్ మావయ్య తలెత్తి నన్నే చూస్తున్నాడు. "ఏటమ్మా, పెద్దదైపోనాదా పగులు?" అని అడిగాడు. నేను అప్పటికి ఆయనకి ఏమీ చెప్పలేదు. పెద్దదైందని ఈయనకెలా తెలుసు అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే పగులు గురించి ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న అదే.

ఆయన మోకాళ్ళకి మెట్లెక్కడమే కష్టం, అంత ఎత్తు నిచ్చెన ఎక్కలేడు. అయితే పడవల దగ్గర మనుషులకేం కొదవ? ఎవడినో ఎక్కించి బిళ్ళలు జరిపించాడు, తొందరగా కూలగొట్టమని నా చేత చెప్పిద్దామని చూస్తున్నాడు. ఈ కథ నాకు బాగా నప్పింది. ఈసారి బిళ్ళ మీదుగా కాంక్రీటు మీదికి నా గోళ్ళరంగుతో చుట్టూ గీతలు గీశాను. ఎవరు బిళ్ళ ఊడదీసి మళ్ళీ అంటించినా ఆ గీత చెదురుతుంది.

మళ్ళీ వెళ్ళాను. గోళ్ళరంగు చెక్కుచెదరలేదు. ఎర్ర గీత ఇంకా జరిగింది, అదే తప్పువైపు.

అప్పుడు బిళ్ళల్ని అనుమానించాను. ఎండకి ప్లాస్టిక్ వంగిందేమో, నాసిరకం సరుకేమో. వేరే కంపెనీవి కొని పక్కనే పెట్టాను. అవీ అదే చెప్పాయి. అప్పుడు బయట ముక్కాలిపీట మీద కొలత యంత్రం పెట్టి గోడల తలల్ని దూరం నుంచి కొలిచాను. తలలు బయటికి పోతున్నాయని అదీ చెప్పింది. యంత్రం నిలబడ్డది ఆ బురదనేల మీదే కదా, దాని కాళ్ళే కుంగి ఉంటాయి అని దాన్నీ పక్కన పెట్టేశాను. చివరికి నేలని కూడా అనుమానించాను. నా లెక్కని మాత్రం అనుమానించలేదు. రెండుసార్లు సరిచూసుకున్నాను, ఆఫీసులో పెద్దాయన కూడా చూసి సరే అన్నాడు. లోపలికి వాలి ఉన్న గోడ, లోపలికే కుంగిన నేల. అది బయటికి పోయే దారే లేదు.

అనుమానితుల్లో పెద్దమ్మ కూడా ఉంది. నవ్వకండి. రోజూ పొద్దున గుడిలో చాప వేసుకుని కూర్చునేది ఆవిడే, తాళం ఆవిడ దగ్గరే. గుడి మూయించకుండా ఆపాలని ఆవిడకి ఎంత ఉందో నాకు తెలుసు.

"పెద్దమ్మా, ఆ బిళ్ళలేమైనా ముట్టుకున్నావా?"

"ఏ బిళ్ళలు?"

"గోడకి అంటించానే, ఎర్ర గీతవి."

"ఓలమ్మ, నేనేటి సేసుకుంటానే వాటిని? మాత్రలనుకొని మింగేస్తాననుకున్నావా?" అంది. పక్కనున్న లిల్లీ అత్త పడీపడీ నవ్వింది. లిల్లీ అత్త కూడా మాకు వరసకే అత్త, పెద్దమ్మ పక్కింటావిడ.

నాకు నవ్వు రాలేదు. నాకు భయంగా ఉంది. వారం వారం శుక్రవారం ఆడవాళ్ళంతా అక్కడ ఉపవాస ప్రార్థనకి కూర్చుంటారు. వాళ్ళలో నన్ను ఎత్తుకోనివాళ్ళు లేరు. ఆ రెండు గోడల మధ్య వాళ్ళు కళ్ళుమూసుకుని పాడుతుంటే నేను క్లాంగ్‌లో అన్నం తినలేకపోయేదాన్ని.

గుడి మూసేయమన్నాను. తలుపుకి అడ్డంగా పసుపు టేపు కట్టాను. బయట తూర్పుగోడ అవతల పైపులతో కెనోపీ పందిరి వేయించి, కింద ప్లాస్టిక్ కుర్చీలు వేయించి, ఇకనుంచి ప్రార్థన ఇక్కడే అన్నాను. ఇంకాస్త దూరంగా వేయించాల్సింది గాని అటు కాలవ, ఇటు వాన పడితే మోకాలి లోతు నీళ్ళు. గోడలు లోపలికే పడతాయి గనక బయట భయం లేదు అని నాకు గట్టి నమ్మకం.

మిగతావాళ్ళు విన్నారు. పెద్దమ్మ వినలేదు. టేపు కిందనుంచి వంగి లోపలికి వెళ్ళిపోయేది. ఒకరోజు నేనక్కడుండగానే వెళ్ళింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"పెద్దమ్మా, బయటికి రా! ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

"బయట ఉక్కగుంటాది లా. ఇక్కడైతే సల్లగుంది," అంది, మా ఊరి మలయ్ వాళ్ళలా మాట చివర 'లా' తగిలించి.

"కూలితే పోతావు!"

"పోతే ఇక్కడే పోతాను. నువ్వు పుట్టినాక మొదటిగా ఎత్తుకొచ్చింది ఇక్కడికే."

నేను ఏడ్చేశాను. అంత పెద్దదాన్ని, సేఫ్టీ హెల్మెట్ పెట్టుకుని, గుమ్మంలో నిలబడి చిన్నపిల్లలా ఏడ్చాను. నువ్వు పోతే నేనేమైపోవాలి అన్నాను. పెద్దమ్మ చాప చుట్టుకుని బయటికి వచ్చేసింది. కొంగుతో నా మొహం తుడిచి, "ఇంక ఎల్లనే. నువ్వు రమ్మంటేనే ఎల్తాను. సరేనా?" అంది. పెద్దమ్మ మాట ఇస్తే తప్పదు. ఆ తర్వాత రెండు శుక్రవారాలు అందరితోపాటు కెనోపీ కిందే కూర్చుంది. లిల్లీ అత్తని ఫోన్లో అడిగి నిర్ధారించుకున్నాను కూడా. నాకు కాస్త నిద్ర పట్టింది.

ఆ తర్వాతి శుక్రవారం నేను బయల్దేరి వెళ్ళాను. గుడి కూలగొట్టక తప్పదని కమిటీకి ఆ రోజు చెప్పాలి. పెద్దమ్మకి ముందు నేనే చెప్పాలనుకున్నాను, మావయ్య నోటినుంచి వినకూడదని. కారులో ఒక్కదాన్నే. ఊరి దగ్గర పామాయిల్ గెలలు వేసుకుని వెళ్తున్న లారీ ఒకటి ముందు పడింది. దారి ఇవ్వదు, తప్పుకోనివ్వదు. తిట్టుకుంటూ దాని వెనకే పాకాను. మంచి ఎండ. గాలి లేదు, వాన లేదు. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత అందరూ అడిగింది ఇదే.

గుడి వైపు సందు తిరిగేసరికి స్టీరింగు చేతిలో వణికింది. శబ్దం పెద్దగా రాలేదు. దూరంగా తలుపేసినట్టు ఒకటి, వెంటనే ఇంకొకటి. చెట్ల పైనుంచి బూడిదరంగు దుమ్ము లేచింది. నాకు అర్థమైపోయింది. కారు రోడ్డు మధ్యలో వదిలేసి పరిగెత్తాను. చెప్పులు ఎక్కడ ఊడిపోయాయో కూడా తెలీదు.

గుడి లేదు. అది ఉన్నచోట ఆకాశం ఉంది. ఆ ఆకాశం కింద చాపల మీద, తలల మీద కొంగులతో, మా ఆడవాళ్ళంతా కూర్చుని ఉన్నారు.

ముందు నాకు కోపం వచ్చింది. ఇది చెప్పడానికి సిగ్గుగానే ఉంది. బతికున్నారన్న సంతోషం కన్నా ముందు కోపం వచ్చింది. "లోపలెందుకు కూర్చున్నారు! వద్దన్నాను కదా! ఎవరు రమ్మన్నారు మిమ్మల్ని లోపలికి!" అని గొంతు చించుకుని అరిచాను.

లిల్లీ అత్త చెయ్యెత్తి నా పక్కకి చూపించింది. తిరిగి చూశాను. తూర్పు గోడ మొత్తం, వేళ్ళతో సహా, వెల్లకిలా పడి ఉంది. దాని అంచు కింద కెనోపీ పైపులు రెండు వంగి బయటికి కనిపిస్తున్నాయి. ఒక కుర్చీ కాలు కనిపిస్తోంది. మిగతా కుర్చీలు కనిపించలేదు. పడమటి గోడ అటువైపు పడి ఉంది. రెండూ చెరోవైపుకి పడ్డాయి. మధ్యలో గుడి నేల మీద గుప్పెడు పెచ్చులు తప్ప ఏమీ పడలేదు.

పెద్దమ్మ ఎండకి కళ్ళు చికిలించి నన్ను చూసింది. "ఏటలా నిలబడిపోనావు? గొడుగు తే. నెత్తి మాడిపోతంది," అంది.

తర్వాత జరగాల్సినవన్నీ జరిగాయి. ఫైరింజన్లు వచ్చాయి, పోలీసులు వచ్చారు, ఫోన్లు పట్టుకుని ఊరు ఊరంతా వచ్చింది. మా ఆఫీసు నుంచి, ఇంకో చోటు నుంచి ఇంజనీర్లు వచ్చి చాలారోజులు చూశారు. ఇనుము తుప్పు పట్టింది అన్నారు. నిజమే, పట్టింది. నేల కుంగింది అన్నారు. అదీ నిజమే. అయితే లోపలికి పడాల్సినవి బయటికెందుకు పడ్డాయి అని నేను అడిగితే, అనేక కారణాల కలయిక అన్నారు. నేనూ వేరే చోట్ల ఆ మాట వాడాను. తెలీదు అనడానికి మా వాళ్ళు వాడే మర్యాదమాట అది.

గేజీలు నిజం చెప్పాయి. అది ఒప్పుకున్నాను. తలలు విడిపోతున్నాయని వారాల తరబడి చెప్తూనే ఉన్నాయి. ఎందుకు విడిపోయాయో మాత్రం ఇప్పటికీ ఏ లెక్కలోనూ రాదు. నేను రాత్రిళ్ళు కూర్చుని మళ్ళీ మళ్ళీ చేశాను. ప్రతిసారీ గోడలు లోపలికే పడతాయి.

ఐజాక్ మావయ్య ఇంటికి వెళ్ళి మొహం మీదే అడిగాను, మీరేమైనా చేశారా అని. ఆయన "నా పెళ్ళాం కూడా ఆ సాపల మీద కూకుందమ్మా," అన్నాడు. ఆయన భార్య మార్తమ్మ లోపల్నుంచి కాఫీ తెచ్చి నా ముందు పెట్టింది. తలెత్తి ఆవిడ మొహం చూడలేకపోయాను.

అయినా నా బుద్ధి మారదు కదా. గోడల సంగతి వదిలేసి రెండో ప్రశ్న పట్టుకున్నాను. ఆ రోజు వాళ్ళని లోపలికి పిలిచింది ఎవరు?

ఎందుకంటే వాళ్ళు ముందు కెనోపీ కిందే కూర్చున్నారు. పాటలు అయ్యాయి. ఒక ప్రార్థన కూడా అయింది. మధ్యలో లేచి, చాపలు తీసుకుని, టేపు పక్కకి లాగి లోపలికి వెళ్ళారు. వాళ్ళు వెళ్ళి సర్దుకుని కూర్చుని ఇంకో పాట అందుకునేలోపు గోడలు పోయాయి. ఎవరికో ముందే తెలిసి ఉండాలి. తెలిసిన ఆ మనిషి నాకు కావాలి.

మార్తమ్మని అడిగాను. "లిల్లీ పిలిచినాది, లోపలికి రండర్రా అని," అంది. లిల్లీ అత్తని విడిగా అడిగాను. "పాస్టరమ్మ కేకేసినారు లా. ఆవిడ పిలిస్తే ఎల్లకుండా ఉంటామా?" అంది. పాస్టరుగారి భార్య దగ్గరికి వెళ్ళాను. ఆవిడ మార్తమ్మ పిలిచిందని చెప్పింది. అందరికీ ఆ పిలుపు గుడి లోపలి నుంచే వినిపించింది. లోపలికి ముందు వెళ్ళింది ఎవరు అంటే ఎవరికీ గుర్తులేదు. లేచేసరికి అందరూ కలిసే లేచారు.

కూడబలుక్కుని చెప్తున్నారనుకున్నాను. నా మాట దాటినందుకు ఒకళ్ళ మీద ఒకళ్ళు తోసేసుకుంటున్నారు అనుకున్నాను. కాని కూడబలుక్కుంటే అందరూ ఒకే పేరు చెప్తారు. వీళ్ళు ఒకళ్ళనొకళ్ళు అబద్ధాలాడుతున్నావని తిట్టుకునేదాకా వెళ్ళారు. మార్తమ్మా లిల్లీ అత్తా చాలారోజులు మాట్లాడుకోలేదు.

పెద్దమ్మని చివర అడిగాను. అప్పటికి ఆవిడని క్లాంగ్‌కి, నా ఇంటికి తెచ్చేసుకున్నాను. వంటింట్లో కూర్చుని చేప శుభ్రం చేస్తోంది.

"మాట తప్పనన్నావు కదా. ఆ రోజు లోపలికి ఎందుకు వెళ్ళావు?"

పెద్దమ్మ కత్తి ఆపి నా వంక చూసింది. వేళాకోళం చేస్తున్నాననుకున్నట్టుంది.

"ఏటే ఆ ప్రశ్న? నువ్వే కదా పిలిచినావు."

"నేనా?"

"గుడిలోంచి పిలిచినావు. ఎప్పుడొచ్చినాదిరా ఇది అనుకున్నాను. ఎప్పట్లాగే కోపంగా అరిచినావు. 'పెద్దమ్మా, లోపలికి రా! ఎన్నిసార్లు చెప్పాలి నీకు?' అని. ఎప్పుడూ బయటికి తరిమే పిల్ల లోపలికి పిలిస్తే సంబరంగా లేచొచ్చినాను. తీరా సూస్తే నువ్వు లేవు. కారు కాడికి ఎల్నావేమో అనుకున్నాను."

నేనప్పుడు లారీ వెనక ఉన్నాను. ఫోన్ సంచిలో ఉంది. ఎవరికీ చేయలేదు, ఎవరూ నాకు చేయలేదు. తర్వాత తీసి చూసుకున్నాను కూడా. ఈ మాట పెద్దమ్మకి చెప్పాను. ఆవిడ "నీ గొంతు నాకు తెలీదేటే," అని మళ్ళీ చేప అందుకుంది.

అక్కడితో నా విచారణ ఆగిపోయింది. ఇంకెవర్ని అడగాలో తెలీలేదు.

నాకు ఇప్పటికీ దయ్యాల మీద నమ్మకం లేదు. ఆ గొంతు ఎవరిదో, ఎక్కడిదో నేను చెప్పలేను. నాది కాదని మాత్రం ప్రమాణం చేసి చెప్పగలను. ఆ ఎర్ర గీతలు చూసినదాన్ని నేనే. వాటి అర్థం చదవగలిగింది అక్కడ నేనొక్కదాన్నే. లోపలికి రండి అని ఆ రోజు అరవాల్సింది నేనే. నేను అరవలేదు.